ఎడమ చక్రం మీద ప్రమాణం

ఒక జీపు చక్రాన్నీ, ఒక మెకానిక్ పరువునూ ఒకే స్పానరుతో ఊడదీసిన ఘనత నాది. ఈ కథను పెళ్ళి పందిళ్ళలో నాయన చెప్పేవాడు. ఆయన మరిచిన చోట ఖాదర్ భాయ్ అందుకునేవాడు. ఇప్పుడు ఇద్దరూ లేరు. కాబట్టి నా పరువు నేనే తీసుకోవాలి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. బీయస్సీ ఫిజిక్సు ముగించి పాకాలలో ఖాళీగా ఉన్నాను. అంటే ప్రపంచంలో నాకు తెలియనిది ఏదీ లేని వయసు. నాయనకు వేలంలో కొన్న పాత మిలిటరీ జీపు ఉండేది. అది నాకంటే పెద్దది, నాకంటే ఎక్కువ పని చేసేది. పదిహేనేళ్ళుగా దానికి ఖాదర్ భాయ్ చెయ్యి తప్ప ఇంకో మెకానిక్ చెయ్యి తగల్లేదు.

ఒకరోజు నాయన ఊళ్ళో లేని సమయం చూసి జీపు తీశాను. రైల్వే గేటు దాటగానే వెనక ఎడమ చక్రం పంచరైంది. చక్రానికి ఐదు స్టడ్లు, అంటే బోల్టులు, వాటి మీద ఐదు నట్లు. లోకమంతా నట్లు విప్పే వైపే, ఎడమకు తిప్పాను. కదల్లేదు. ఫిజిక్సు గుర్తొచ్చింది. స్పానరుకు పొడవాటి గొట్టం తొడిగాను. కదల్లేదు. గొట్టం మీదికెక్కి గెంతాను. మామిడికాయ తొడిమ తెగినట్టు టక్కుమంది. నట్టు వచ్చిందని సంతోషపడ్డాను. వచ్చింది, సగం స్టడ్డును వెంటబెట్టుకుని. తెలివైనవాడు అక్కడ ఆగుతాడు. నేను మూడోది విరిగాక ఆగాను.

"ఎట్లా విరిగినాయిరా?" అన్నాడు ఊరి నుంచి తిరిగొచ్చిన నాయన.

"ఖాదర్ భాయ్ పోయినసారి మరీ బిగించేసినాడు నాయనా."

నేను అది నమ్మే అన్నాను. తప్పు నాది కానప్పుడు ఇంకెవరిదో కావాలి కదా. ఆ వారమంతా నాయన ఖాదర్ భాయ్ షెడ్డు ముందు నుంచే పోతూ ఆయనను పలకరించలేదు.

స్టడ్లు నేనే తెస్తానన్నాను. విరిగిన ముక్క చూపిస్తే ఎలా విరిగిందని అడుగుతారు. అందుకని కుడి చక్రం నుంచి మంచి స్టడ్డు ఒకటి కొట్టి తీసి జేబులో వేసుకున్నాను. తిరుపతిలో నాలుగు దుకాణాలవాళ్ళు దాన్ని చూసి, పురావస్తు శాఖకు పొమ్మనలేదు, అంతే. చివరికి చిత్తూరులో పాత ఇనుప సామాన్ల ముసలాయన డబ్బాలో చెయ్యి పెట్టబోతూ ఆగాడు.

"ఎడం పక్కకా, కుడి పక్కకా?"

"స్టడ్డుకు ఎడమా కుడీ ఏంది పెద్దాయనా? అదేమన్నా కాలి చెప్పా?"

"ఈ బండికి ఉండాది అబ్బా."

"నమూనా ఇచ్చినా కదా. ఇట్లాంటివే మూడు ఇయ్యి."

"సరే అప్పా. నీ బండి, నీ సక్రం," అని ఇచ్చాడు.

ఇంటికొచ్చి చూస్తే పాత నట్లు కొత్త స్టడ్లకు ఎక్కవు. అప్పుడు విరిగిన ముక్కనూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. మరలు ఒకదానికి ఒకటి ఎదురుగా తిరిగి ఉన్నాయి. బండి పోతుంటే నట్లు వదులు కాకూడదని, ఆ జీపుకు ఎడమ చక్రాల మరలు ఎదురు పెట్టారు. వాటిని విప్పాలంటే కుడికి తిప్పాలి. నేను వాటిని విప్పనే లేదు. విరిగేదాకా బిగించాను.

వెంటనే ఖాదర్ భాయ్ కాళ్ళ మీద పడి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. నేను నమూనా స్టడ్డును కుడి చక్రానికే తిరిగి కొట్టి, మళ్ళీ చిత్తూరు బస్సెక్కి, ఆ కుడి స్టడ్లకే సరిపోయే నట్లు తెచ్చి, ఎడమ చక్రానికి బిగించి, గుర్తుపట్టకుండా పైన గ్రీసు పూశాను.

రెండు రోజులకు ఖాదర్ భాయ్ మా గుమ్మంలో నిలబడ్డాడు.

"అన్నా, నా సెయ్యి మంచిది కాదని ఊళ్ళో అనుకుంటా ఉండారు. నేను బిగించింది విరగదు. కాణిపాకం పోదాం. నేనూ ప్రమాణం సేస్తా, నీ కొడుకునూ సెయ్యమను."

మా జిల్లాలో కోర్టులో ధారాళంగా అబద్ధమాడేవాడికి కూడా కాణిపాకం వినాయకుడి ముందు నోరు పెగలదు. నాకు జ్వరం వస్తున్నట్టుందన్నాను.

"ఆడికి పోతే తగ్గిపోతాది," అన్నాడు నాయన.

కాణిపాకం ఇంకా రెండు మైళ్ళుందనగా జీపు పంచరైంది. ఏ చక్రమో మీకు చెప్పనక్కర్లేదు. ఖాదర్ భాయ్ దిగబోయాడు.

"నువ్వు ముట్టుకోవద్దు ఖాదరూ. ముద్దాయివి," అన్నాడు నాయన.

"నేను విప్పుతా నాయనా."

"నువ్వు ప్రమాణం సెయ్యాల్సినోడివి. సేతులకు గ్రీసు ఎందుకు? కూసో."

నాయనే పంచె ఎగ్గట్టి స్పానరు పట్టాడు. కుడికి తిప్పాడు. మొదటి నట్టు వచ్చింది. రెండోదీ వచ్చింది. అవి పాతవి. స్పానరు మూడోదాని మీదికి పోయింది.

"నాయనా, అది ఎడమకు తిప్పు."

"ఎడమ సక్రానికి కుడికి తిప్పాల. ఏం సదివినావురా బీయస్సీలో?" అని కాలితో స్పానరును తొక్కాడు.

టక్కుమంది.

ఖాదర్ భాయ్ ముక్క తీసుకుని గ్రీసు తుడిచి, బొటనవేలి గోటితో మరల మీద గీశాడు.

"అన్నా, ఇది కుడి సక్రానిది. ఈడికి ఎట్లా వచ్చినాది?"

నాయన నా వైపు తిరిగాడు. "ముందు విరిగినవి ఎటు తిప్పినావురా?"

"అందరూ తిప్పే వైపే."

ఖాదర్ భాయ్ రోడ్డు మీద చతికిలబడి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. నాయన నవ్వలేదు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆయన ఎవరినైనా క్షమాపణ అడగడం అంతకుముందు నేను చూడలేదు.

"తప్పు నాదే ఖాదరూ. వీడి మాట ఇన్నాను."

"సదువుకున్నోడి మాట గదన్నా. ఎవరైనా ఇంటారు."

మిగిలిన రెండింటినీ ఖాదర్ భాయ్ ఎడమకు తిప్పి వెన్న తీసినట్టు తీశాడు. వేరే చక్రం వేసి, నాలుగు నట్లతో మెల్లగా గుడి చేరాం.

"ఇంత దూరం వచ్చినాం. ప్రమాణం మాత్రం సెయ్యాల్సిందే," అన్నాడు నాయన.

నా ముందున్నాయన సారాయి మానేస్తానని ప్రమాణం చేశాడు. తర్వాత నేను చేతులు జోడించి, బతికినంతకాలం స్పానరు ముట్టనని చేశాను. ఖాదర్ భాయ్ దగ్గరుండి రెండుసార్లు చెప్పించాడు.

ఆ సారాయి ఆయన మాట నిలబెట్టుకున్నాడో లేదో తెలియదు. నేను నిలబెట్టుకున్నాను. ఇది రాస్తున్నంతసేపూ వంటింట్లో కుళాయి కారుతూనే ఉంది. ఏ వైపు తిప్పాలో చెప్పడానికి ఇద్దరూ లేరు. కారనీ.