ఒంటిచేత్తో లేచిన ట్రైలర్

మీ తప్పు ఇంకొకరి ముఖానికి అంటుకుంటుంటే, చూస్తూ నోరు మూసుకున్న రోజు మీ జీవితంలో ఉందా? ఉంటే దగ్గరగా కూర్చోండి. నాకు ఉంది. ఎనిమిదేళ్ళుగా మోస్తున్నాను. శకునాలు అబద్ధమని ముప్పై ఏళ్ళు సభల్లో గొంతు చించుకున్న నేనే, ఒక శకునం మాత్రం నిజమని గురజాల రోడ్డు పొడవునా నమ్మించాను. నా పేరు అడగకండి. శాలువాలు కప్పినవాళ్ళు బాధపడతారు.

మా బావమరిది శ్రీను మిర్చి రైతు. కృష్ణలో జనాన్ని తిప్పుదామని ఒక పాత ఫైబర్ పడవ కొన్నాడు, వెనక తగిలించే పెట్రోలు మోటారుతో సహా. దాన్ని రెండు చక్రాల ట్రైలర్ మీదకెక్కించి, జీపుకు తగిలించి రేవుకు తీసుకెళ్ళాలి. దిష్టి తియ్యడానికి శ్రీను బూడిద గుమ్మడికాయ తెచ్చాడు. నేను లాక్కుని, వడియాలు పెట్టమని ఇంట్లోకి పంపేశాను. సామాను సర్దే పని కూడా నేనే తీసుకున్నాను. సైన్సు మేష్టారిని కదా.

మోటారుకు సంబంధించినవి మోటారు దగ్గరే ఉండాలన్నది నా తర్కం. రెండు పెట్రోలు డబ్బాలు, లంగరు, బ్యాటరీ, పనిముట్ల పెట్టె, అన్నీ పడవ వెనక భాగంలోనే పేర్చాను. ఆ తర్వాత ట్రైలర్ ముందు కొక్కేన్ని పట్టుకుని లేపితే ఒంటిచేత్తో పువ్వులా లేచింది.

"చూశావా శ్రీనూ, జీపు మీద బరువే పడదు!"

ఎదురుగా ఉన్న టీకొట్టు నుంచి కోటమ్మక్క గ్లాసులు పట్టుకుని వచ్చింది. భర్త పోయాక ఆ కొట్టు మీదే బతుకుతున్న మనిషి. ట్రైలర్‌ని చూసి ఆగిపోయింది.

"ఏంది తమ్ముడూ, బరువంతా ఎనక్కేశావు? ఎద్దులబండికి ఇట్టా ఏస్తే కాడి పైకి లేచి ఎద్దుల గొంతు పట్టుకుంటది. కాస్త ముందుకు జరుపు."

"అక్కా, ఇది ఎద్దులబండి కాదు. సైన్సు."

"సైన్సుకి గూడా రెండే చక్రాలున్నయ్‌గా అయ్యా," అని నవ్వి, ఖాళీ గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయింది.

ఊరు దాటాక పల్లం వచ్చింది. శ్రీను కాస్త వేగం పెంచాడు. ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టింది. మొదట ముచ్చటగా. తర్వాత ఒక్కో ఊపుకీ జీపు వెనక భాగాన్ని కుడికీ ఎడమకీ ఈడుస్తూ. శ్రీను కంగారుగా బ్రేకు తొక్కాడు. కొక్కెం ఎగిరి ఊడింది. పడవ మమ్మల్ని వదిలేసి, రోడ్డు దిగి, మిరపకాయలు ఆరబోసిన కల్లంలోకి దర్జాగా వెళ్ళి, ఎర్రటి రాశిలో ముక్కు గుచ్చి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అందరం తుమ్ముతున్నాం.

కల్లం కాపలా ఉన్న పెద్దాయన కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చాడు. "ఒరేయ్, కృష్ణ అటుంది గదరా! ఇటొచ్చారేంది?"

జనం పోగయ్యారు. ఆయనే మళ్ళీ అడిగాడు. "బయల్దేరేటప్పుడు ఎవురెదురొచ్చార్రా?"

"కోటమ్మక్క," అన్నాడు శ్రీను.

అందరూ నా వైపు తిరిగారు. "మేష్టారూ, శకునాల్లేవంటారుగా. మరి ఇదేంది?"

నాకు తెలుసు. అప్పటికే తెలుసు. ఏడో తరగతికి ఇరవై ఏళ్ళు మీటల పాఠం చెప్పినవాణ్ణి, బరువు ఇరుసుకు వెనక పడితే ముందు భాగం తేలిపోతుందనీ, పట్టులేని బండి ఊగుతుందనీ, ఆ తేలికనే చూసి నేను మురిసిపోయాననీ, అన్నీ ఆ తుమ్ముల మధ్యే వరసగా గుర్తొచ్చాయి. ఒక్క మాట అంటే సరిపోయేది: తప్పు నాది.

"ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది," అన్నాను.

"మేష్టారే ఒప్పుకున్నాడు, ఇంకేంది!" అన్నాడు పెద్దాయన.

మర్నాడు మోటారు తప్ప మిగతా సామానంతా ముందుకు సర్దాను. పడవను కూడా ట్రైలర్ మీద జానెడు ముందుకు జరిపాం. కొక్కెం కింద బరువు చూసే మిషన్ పెట్టి, మొత్తం బరువులో పదోవంతు, ఆపైన కాస్త, ముందు పడేలా చూశాను. ట్రైలర్ బుద్ధిగా వచ్చింది. కానీ శ్రీను కోటమ్మక్క కొట్టు తెరవకముందే బండి తీయించాడు. ఘనత అంతా దానికే పోయింది.

ఆ తర్వాత ట్రాక్టర్లవాళ్ళు, ఆటోలవాళ్ళు పొద్దున్నే ఆమె కంట పడటం మానేశారు. టీకొట్టుకు పొద్దుటి బేరమే బేరం. ఆమె బల్ల తీసి గోడ వెనక వేసుకుంది. బండ్లన్నీ వెళ్ళిపోయాకే పొయ్యి వెలిగిస్తోంది.

ఎందుకు మాట్లాడలేదు నేను? జనానికి భయపడ్డానా? ఎప్పుడూ భయపడనే! నేను ఓడింది మూఢనమ్మకం చేతిలో కాదు, ఎద్దులబండి చేతిలో. ఆ రోజు మొత్తమ్మీద సైన్సు మాట చెప్పింది ఆవిడ ఒక్కతే. అది ఒప్పుకోవడం గుమ్మడికాయ కొట్టడం కన్నా నామోషీ అనిపించింది. ఆ నెలలోనే, భర్త పోయిన స్త్రీలను అపశకునమనడం ఎంత అనాగరికమో నిప్పులు కక్కుతూ వ్యాసం రాశాను. శాలువా కప్పారు. సభకు టీ ఆమె కొట్టు నుంచి రాలేదని గమనించాను. గమనించి, తాగాను.

పోయిన వారం వెళ్ళి ఆమెకే చెప్పాను, అన్నీ. గ్లాసులు కడుగుతూ వింది. తల ఎత్తలేదు.

"నాకెందుకు చెప్తన్నావు తమ్ముడూ? నాకా రోజే తెలుసుగా. తెలవనోళ్ళకి చెప్పు పో."

క్షమించానని అనలేదు. నేనూ అడగలేకపోయాను. అందుకే మీకు చెబుతున్నాను. బరువు తగ్గలేదు. కాస్త ముందుకు జరిగింది, అంతే. నడవగలుగుతున్నాను.

ఇక మీ పని. రేపు ట్రైలర్ తగిలించేముందు ముందు కొక్కేన్ని లేపి చూడండి. ఒంటిచేత్తో లేస్తే సామాను దించి మళ్ళీ సర్దండి. తర్వాత పొద్దున్నే, బండి దూరం వెళ్ళకముందే, కోటమ్మక్క కొట్టు దగ్గర ఆపండి. గోడ వెనకున్న ఆ బల్లను ఇద్దరు పట్టి రోడ్డు పక్కకు తెచ్చి వేయండి. పొయ్యి వెలిగించమని చెప్పి, ఆమెకు ఎదురుగా కూర్చోండి. ముఖం చూస్తూ టీ తాగి, అప్పుడు కదలండి.