సముద్రం వైపు గోడ

మా బావ తాపీ మేస్త్రీ. ఊళ్లో సగం గోడలు ఆయన చేతి మీదుగా లేచినవే. ఎవరింటికి భోజనానికి పిలిచినా, కూర్చోకముందే మూలల వంక చూసి తూకం తప్పిందంటాడు. వంటను మెచ్చుకోకుండా గోడను తప్పుపట్టే మనిషిని మా అక్క ముప్పై ఏళ్లుగా భరిస్తోంది. అలాంటివాడు ఒక్క గోడ వైపు మాత్రం తలెత్తి చూసేవాడు కాదు. అది సముద్రపు ఒడ్డున, నేను కాపలా ఉండే పాత కావలి బురుజుది.

వచ్చినవాళ్లకు బురుజు తిప్పి చూపించి, నాకు తెలిసిన చరిత్ర చెప్పడం నా పని. రెండొందల యాభై ఏళ్ల కిందట దోపిడీ ఓడల భయంతో కట్టారు. గుండ్రంగా, మూడంతస్తులు. అడుగున గోడ మందంలో ఒక మనిషి అడ్డంగా పడుకోవచ్చు. పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. తలుపు నేల మీద కాదు, మొదటి అంతస్తులో ఉంటుంది. నిచ్చెన లోపలికి లాగేసుకుంటే ఇక ఎవరూ రాలేరు. లోపల గోడ కడుపులోనే మెట్లు తిరుగుతూ పోతాయి. పద్నాలుగో మెట్టు మిగతావాటికంటే నాలుగు వేళ్లు ఎత్తు, చీకట్లో పైకి దూసుకొచ్చే శత్రువు తట్టుకుని పడాలని. శత్రువులు ఎందరు పడ్డారో తెలీదు గానీ, ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పడ్డాను. పై కప్పు మీద పగలు పొగ, రాత్రి మంట వేసి పక్క బురుజుకు కబురు పంపేవారట.

రాళ్లను పట్టి ఉంచేదంతా సున్నమే. ఆ సున్నాన్ని బావ వాళ్ల నాన్నగారు చూసుకునేవారు. ఏటా వానలకు ముందు మూడు నెలలు ఒక్కరే నిచ్చెనెక్కి, రాళ్ల మధ్య వదులైన చోటల్లా గీకి కొత్త సున్నం కూరేవారు. సాయంత్రం దిగేముందు ఆ రోజు చివరి అతుకులో బొటనవేలు నొక్కి చూసేవారు. సున్నం వేలికి అంటకుండా ముద్ర ఒక్కటే పడితే సరిగ్గా ఆరుతున్నట్టు. సున్నం తడిని పీల్చి మళ్లీ బయటికి వదిలేస్తుందని, రాయికి అదే ఊపిరని ఆయన అనేవారు. పోయేముందు కొడుకుతో అన్నదీ అదే, బురుజుకు సిమెంటు తగలనివ్వద్దని.

ఆయన పోయిన మరుసటి ఏడే బావ సముద్రం వైపు గోడ అతుకులన్నీ తొమ్మిది రోజుల్లో సిమెంటుతో ముగించాడు. కుర్రతనం, సిమెంటు మీద మోజు. పాత సున్నం గీకే ఓపిక కూడా లేక పైనే పూసేశాడు. తండ్రిని మించిన కొడుకని ఊరంతా మెచ్చుకుంది. అందరికంటే గట్టిగా మెచ్చుకున్నవాణ్ణి నేనే.

ఇరవై ఏళ్లకు ఆ సిమెంటు గీతలు బక్క ఆవు డొక్కల్లా పైకి తేలాయి. మధ్యలో రాళ్లు పొడై రాలాయి. బయటికి పోయే దారి లేక ఉప్పు తడంతా రాళ్లలోనే నిలిచి వాటిని తినేసింది. బావకు విషయం అర్థమైంది, ఆ దారిన రావడమే మానేశాడు.

పోయిన ఏడాది మరమ్మతుల కోసం ఒక ఇంజనీరమ్మ వచ్చింది. సున్నం పని తెలిసినవాడని బావను పిలిపించింది. రాతిని గోటితో గీరి, రాలిన పొడిని అరచేతిలో పట్టి, ఈ సిమెంటు పని ఎవరిదని నన్నడిగింది. బావ నా పక్కనే ఉన్నాడు. నా నోరు ఊరుకుందా?

"ఈయన నాన్నగారండీ. ఆయన పోయి చాలా ఏళ్లయింది."

బావను గట్టెక్కించానని లోపల మురిశాను కూడా. ఆమె చెడ్డగా ఏమీ అనలేదు. పాపం, తెలియక చేసుంటాడంది. గుమ్మం దగ్గర పెట్టే చరిత్ర పలక మీద, ముందు తరం మేస్త్రీ అవగాహన లేక చేసిన పని వల్ల గోడ పాడైందని రాయిస్తానంది. బావ తల దించుకున్నాడు గానీ నోరు విప్పలేదు. చచ్చినవాడి కళ్లు చారెడంటారు. మేమిద్దరం కలిసి చచ్చినవాడి మొహానికి మసి పూశాం.

సిమెంటు ఊడదీసే పని బావకే అప్పగించారు. యంత్రం పెడితే రాళ్లు పగులుతాయని ఉలీ సుత్తే వాడాడు. నాలుగో రోజు నడుమెత్తులో ఒక పెద్ద పెచ్చు ఊడి వచ్చింది. దాని వెనక తెల్లటి సున్నం, నిన్న కూరినంత గట్టిగా ఉంది. మధ్యలో బొటనవేలి ముద్ర. ముసలాయన వేలికుండే పాత గాటు కూడా అందులో తెలుస్తోంది. బావ ఉలి కింద పెట్టేశాడు. గీకకుండా పూసిన బావ బద్ధకమే దాన్ని కాపాడింది.

ఇంజనీరమ్మ వంగి చూసి, ఇంత మంచి పని ఎవరిదని అడిగింది. నేను మళ్లీ ఏదో అనబోతే బావ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇది మా నాన్నదమ్మా. పైన సిమెంటు పూసింది నేను. వద్దని మరీ చెప్పి పోయాడు, అయినా పూశాను. మొన్న మీరు ఆయన్ని అంటుంటే విని ఊరుకున్నాను. పలక మీద నా తప్పని రాయించండి."

నాకు తల కొట్టేసినట్టయింది. అబద్ధం నాది, ఒప్పుకోలు ఆయనది. ఆ అబద్ధం ఆడింది నేనని అప్పుడే అనాల్సింది, అనలేదు. ఆమె కాగితం తీసి ఆ వాక్యం కొట్టేసింది.

గోడ మళ్లీ సున్నంతో పూర్తి కావడానికి మూడున్నర నెలలు పట్టింది. రోజూ చివరి అతుకును బావ తాపీ పిడితో తట్టి చూసేవాడు. వేలు నొక్కి చూడొచ్చు కదా అని ఇంజనీరమ్మ అడిగింది.

"ఆయన వేలి పక్కన నా వేలెందుకమ్మా," అన్నాడు.

ఇప్పుడు వచ్చినవాళ్లకు పద్నాలుగో మెట్టు చూపించాక ఆ ముద్ర దగ్గరికి తీసుకెళ్తాను. సిమెంటు పూసింది మా బావేనని చెబుతాను, పలక మీదా అలాగే ఉంది. ఆ నింద ఆయన తండ్రి నెత్తిన వేసింది నేనని కూడా చెప్పాలనే రోజూ అనుకుంటాను. తీరా ఆ మాట దగ్గరికి వచ్చేసరికి, ఇక్కడ గాలి బాగుంటుంది నిలబడండి అని సముద్రం వైపు చెయ్యి చూపిస్తాను.