బావకు పంపిన ఎండ కబురు

మా మామ సిద్ధయ్య సిద్దిపేట పొలిమేరలో తాటిచెట్లు గీస్తాడు. మహా మాటకారి. ఆయన ఆడని పరాచికం లేదు, నవ్వించని మనిషి లేడు. చదువు మాత్రం ఒంటబట్టలేదు. ఆయన కోడల్ని, నేను బడిలో తెలుగు చెబుతాను. సాయంత్రం చాయ తాగుతూ నేను ఏ పుస్తకం తెరిచినా ఎదురుగా కూర్చుని, "జెర పెద్దగ చదువు బిడ్డా, అక్షరాలేం అరిగిపోవు" అంటాడు.

మొన్నటి ఎండాకాలంలో పేరుమోసిన రచయితల ఉత్తరాల పుస్తకం ఒకటి తెచ్చుకున్నాను. ఎలా బతకాలో చెప్పే గొప్ప మాటలు దొరుకుతాయని నా ఆశ. తీరా చదివితే ఒకాయనకు అజీర్తి, ఇంకొకాయన ఇంటికప్పు కురుస్తోంది, ఒకావిడ తన బెండ మొక్కల గురించే పేజీలకు పేజీలు రాసింది. నాకు ఒళ్ళు మండింది. మామ కడుపుబ్బ నవ్వాడు.

"గింత పెద్దోళ్ళు గూడ గివే రాసుకున్నరా? అయితే మనం గూడ మంచిగనే బతుకుతున్నట్టు!"

ఆలోచిస్తే నిజమే. గొప్ప మాటలన్నీ వాళ్ళు లోకానికి రాశారు. అయినవాళ్ళకు రాసేటప్పుడు తిన్నావా, దగ్గు తగ్గిందా అనే అడిగారు. అప్పటి నుంచి రోజుకో ఉత్తరం చదవడం మాకు అలవాటైంది.

ఒకరోజు ఓ ముసలి రచయిత తన పాత స్నేహితుడికి రాసిన ఉత్తరం దగ్గరికి వచ్చాం. ఇద్దరికీ చాలాకాలంగా మాటల్లేవట. ఆయన ముందు తన ఊరి ఎండ సంగతి రాశాడు, తర్వాత మోకాళ్ళ నొప్పి. చివర్లో, తప్పెవరిదో తేల్చుకునే ఓపిక నాకు లేదు, నీతో మాట్లాడాలని ఉంది, అన్నాడు.

ఈసారి మామ నవ్వలేదు. ఎందుకో నాకు తెలుసు.

కాశయ్య రెండు గల్లీల అవతల ఉంటాడు. ఇద్దరూ వరసకు బావలు, చిన్నప్పటి నుంచి కలిసి చెట్లెక్కినవాళ్ళు. పోయినేడు ఒక పెళ్ళిలో కాశయ్య నలుగురి ముందు, "సిద్ధయ్య కల్లుల నీళ్ళెక్కువ" అన్నాడు. కల్లు గీసేవాడితో ఏ పరాచికమైనా ఆడొచ్చు గాని అది మాత్రం ఆడకూడదు. ఆనాటి నుంచి మాటలు బంద్. ఇప్పుడేమో కాశయ్య బండి మీద నుంచి పడి, కాలికి కట్టుతో మంచంలో ఉన్నాడు. గెలను రోజూ గీయకపోతే కల్లు ఆగిపోతుంది. ఆ చెట్లు వట్టిపోతాయని మామకు ముద్ద దిగడం లేదు. వెళ్ళి ఎక్కుదామంటే, చెట్టు గీసేవాడు తన నోటితో చెప్పందే మరొకడు ఎక్కరాదన్నది వాళ్ళ కట్టుబాటు.

"సౌమ్యా, కాశయ్యకు నేను గూడ ఉత్తరం రాస్త" అన్నాడు.

"రెండు గల్లీలకు ఉత్తరమేంది మామా? ఫోన్‌ల మాట్లాడి పంపుండ్రి."

రికార్డింగ్ నొక్కి ఫోన్ చేతికిచ్చాను. రచయితల పద్ధతి తప్పకూడదని మామ గొంతు సవరించుకున్నాడు.

"బావా, నేను సిద్ధయ్యను. గీడ ఎండ బాగ కొడుతున్నది. గాడ ఎట్లున్నది? నాకు మోకాలు గుంజుతున్నది. మా ఇంట్ల బెండకాయలు కాస్తలేవు, అసలు ఏసుకోనేలే."

నేను చున్నీ నోట్లో కుక్కుకున్నాను. అంతలో ఆయన గొంతు మారింది.

"నీ చెట్లు వట్టిపోతయేమో అని పానం కొట్టుకుంటున్నది బావా. ఒక్క మాట చెప్పు, నేనెక్కుత."

ఆ మాటలు కాశయ్య ఫోన్‌కు పంపాను. జవాబు వచ్చేదాకా మామ వాకిట్లో పచార్లు చేస్తూనే ఉన్నాడు. ఫోన్ మోగగానే ఇద్దరం దాని మీద పడ్డాం.

"ఓ పిచ్చి బావా! రెండు గల్లీలకే ఎండ మారుతదా?" కాశయ్య నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. "పెళ్ళిల నోరు జారిన. నీ మొకం జూసెటందుకు సిగ్గయింది. జెల్ది రా."

మామ చెప్పులు కూడా వేసుకోలేదు. నేను వెనకే పరుగెత్తాను. మేం వెళ్ళేసరికి కాశయ్య మంచం మీద లేచి కూర్చుని, దిండు పక్కనున్న తన గీత కత్తి తీశాడు. మావాళ్ళలో ఎవరి కత్తి వాళ్ళదే, ఇంట్లోవాళ్ళను కూడా తాకనివ్వరు. దాన్ని రెండు చేతులా పట్టి మామకు అందించాడు.

"నా చెట్లకు నా కత్తే అలవాటు. తెల్లారి ఎక్కు బావా."

మామ దాన్ని కళ్ళకద్దుకున్నాడు. అంతటి మాటకారి ఆ సాయంత్రమంతా కాశయ్య చెయ్యి పట్టుకుని ఊరికే కూర్చున్నాడు.