ఛత్రినాకలో బర్రె ముందు బాస్ గిటారు

శనివారం పొద్దున ఆరూ ఇరవైకి కాజీపేట స్టేషన్లో నిలబడి ఉన్నాను. వీపున వేసుకున్న గిటారు సంచి నా తల మీదికి రెండు జానలు లేచి ఉంది. వయసు నలభై ఏడు, ఒక మోకాలికి పట్టీ, చేతిలో ఇడ్లీ పొట్లం. పోయేది ఎక్కడికంటే పాతబస్తీలో బర్రెలు పెంచుకునే ఒకాయన దగ్గరికి, సంగీతం నేర్చుకోవడానికి. తలచుకుంటే నాకే నవ్వొచ్చింది.

హనుమకొండలో ఇరవై రెండేళ్ళుగా టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతున్నాను. రెండేళ్ళ కింద ఒక పెళ్ళి విందులో స్పీకరు పక్కన కూర్చుంటే, కుర్చీ కాళ్ళలోంచి ఎక్కి నడుములో గుడగుడలాడిన మోత ఒకటి నన్ను లేపి నిలబెట్టింది. ఏమిటా అని స్టేజీ దాకా వెళ్ళి చూశాను. బాస్ గిటారు. పాట పైన ఎక్కడో తిరుగుతుంటే, నాలుగు లావు తీగెలతో కింద నుంచి దాన్ని మోసేది. వారం తిరగకుండా ఒకటి కొనేశాను. టైపు వేళ్ళు కదా, తొందరగానే పట్టుబడింది. సుధాకర్ అని కీబోర్డు వాయించే అబ్బాయి తన ఆర్కెస్ట్రాలో చేర్చుకున్నాడు. స్టేజీ మీద నిలబడ్డ ప్రతి సాయంత్రం నాకు పండగే.

పోయిన మంగళవారం ఆ సుధాకరే నన్ను పక్కకు పిలిచాడు. "ఏమనుకోకుండ్రి మేడం. మీరు ఒక్క తప్పు వాయించరు. గని ఒక్కరి కాలు గూడ కదల్తలేదు" అన్నాడు. ఆదివారం రిసెప్షన్‌కు బాస్ పని తనే కీబోర్డు మీద ఎడమ చేత్తో కానిచ్చేద్దామని ఆలోచనట. శనివారం సాయంత్రం ఫోన్ చేసి ఖాయం చేస్తానన్నాడు. మర్యాదగా ఇంట్లో కూర్చోమనడమే అది. ఆ రాత్రి అన్నం సహించలేదు. మా డ్రమ్ముల కుమార్‌కు జాలేసినట్టుంది, పొద్దున్నే ఫోన్ చేశాడు. "ఛత్రినాకల యాదన్న అని ఉన్నడు మేడం, బర్లు సాదుకుంట బాస్ వాయిస్తడు. మూడే తీగెలు, ఒకటే బొటనవేలు. బోనాల ఊరేగింపుల ఆయన వాయిస్తె ముసలోల్లు గూడ ఎగిరిర్రు. ఒక్కసారి పోయి కలువుర్రి."

రైల్లో ఎదురు సీటు తాత నా సంచిని చాలాసేపు పరిశీలించాడు.

"ఏంది బిడ్డా గది, వీణెనా?"

"గిటారు తాతా."

"ఇంత పెద్దగుంది, మస్తు మోగుతదేమో."

"లేదు తాతా, వినపడీ వినపడనట్టుంటది."

"మరి మోసుకపోవుడెందుకు?"

జనగామ దాటాక ఇడ్లీ పొట్లం విప్పి, తాతకు రెండు పెట్టాను.

తొమ్మిదింటికి సికింద్రాబాద్‌లో దిగి చార్మినార్ బస్సెక్కాను. ఆడవాళ్ళకు ఛార్జీ లేదు కాబట్టి ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకున్నాను. కండక్టరమ్మ నా పక్క సీట్లో ఆనించిన సంచిని చూసి ఆగింది. "మీకైతే జీరో. గీమెకు ఆధార్ ఉన్నదా?" అంది. బస్సులో సగం మంది నవ్వారు. నేను సంచిని ఒళ్ళోకి లాక్కున్నాను. ఆ తర్వాత ప్రతి మలుపులోనూ దాని మెడ ఎవరో ఒకరి భుజాన్ని పలకరిస్తూనే ఉంది.

మీరు వెళ్తే నాలా చేయకండి. సికింద్రాబాద్‌లోనే ఎంఎంటీఎస్ లోకల్ రైలెక్కితే ఉప్పుగూడలో దిగొచ్చు, ఛత్రినాక అక్కడికి దగ్గర. నేను చార్మినార్ నుంచి శాలిబండ దాకా నడిచి, ఒక చాయ్ తాగి, షేర్ ఆటోలో గిటారు తల బయటికి పెట్టుకుని చేరేసరికి పదకొండైంది. అడ్రసు అక్కర్లేకపోయింది. "గిటార్ యాదన్ననా, బర్ల యాదన్ననా?" అని అడిగాడు ఆటో అతను. ఇద్దరూ ఒకరే అని తెలిసినా ఊరికే అడిగాడట.

చిన్న ఇల్లు, వెనకాల కొట్టం, అందులో ఆరు బర్రెలు. యాదన్నకు అరవై ఉంటాయి. లుంగీ, బనీను, కొమ్ముల్లా పైకి దువ్విన మీసం. గోడకు వేలాడుతున్న ఆయన గిటారుకు నిజంగానే మూడు తీగెలు. కింద తీగెల మధ్య, మోత మెత్తబడటానికి కాబోలు, గిన్నెలు తోమే స్పాంజి ముక్క ఒకటి దూర్చి ఉంది.

"నాలుగోది ఏమైందన్నా?"

"తెగింది. ఇగ అవసరం పడలే" అన్నాడు. "నువ్వు వాయించు చెల్లె, వింటా."

ముందు గదిలో ఆయన చిన్న స్పీకరుకు తగిలించి, నాకు బాగా వచ్చిన పాట మొదటి నుంచి చివరి దాకా వాయించాను. ఒక్క తప్పు లేదు. యాదన్న కళ్ళు మూసుకుని విన్నాడు. తెరిచాక అడిగాడు: "మంచిగ నేర్చినవ్. ఎవరి మీద కోపం?"

"కోపమా? లేదన్నా."

"మరి అన్ని గట్ల ఒక్క తీరుగ ఎందుకు గుద్దుతున్నవ్?"

నా ప్రాణం ఉసూరుమంది. అన్ని వేళ్ళకూ ఒకే బలం ఉండాలని ఇరవై రెండేళ్ళుగా పిల్లల వెనక నిలబడి నేను చెప్పేది అదే. టైపులో మార్కులు తెచ్చేది అదే. సుధాకర్ సంగతి, సాయంత్రం రాబోయే ఫోన్ సంగతి అంతా ఏకరువు పెట్టాను. యాదన్న ఓదార్చలేదు. "మూడు గంటలు గొట్టంగ బంగారి ముందల కూసో. అది చెప్తది" అని లోపలికి పోయి పడుకున్నాడు. బంగారి ఎవరని ఆయన భార్య అనసూయ వదినను అడిగితే, కొట్టంలోకి వేలు చూపించింది.

మధ్యాహ్నం వదిన జొన్నరొట్టె, వంకాయ కూర, చిక్కటి మజ్జిగ పెట్టింది. నేను ఏడు నిమిషాల్లో ముగించాను. "రైలు ఎల్లిపోతున్నదా అక్కడ?" అని నవ్వి, నా కంచంలో ఇంకో రొట్టె వేసింది. రెండోది తింటుంటే బంగారి కథ చెప్పింది. పది రోజుల కింద దాని దుడ్డె, అంటే దూడ, చచ్చిపోయింది. దుడ్డె లేకపోతే బర్రె పాలు పైకి పట్టేస్తుంది, పొదుగులోకి దించదు. దించడాన్ని చేపడం అంటారు, వదిన మాటలో సేపుడు. చుట్టుపక్కల కొందరు సూది మందు ఇచ్చి పిండుకుంటారు. యాదన్న ఇవ్వనన్నాడు. ఈ పది రోజులుగా గిటారుతోనే చేపిస్తున్నాడు.

"నిజంగానా వదినా?"

"నేను గూడ ఈయనకు పిచ్చి లేసిందనుకున్న. బకెట్ నిండినంక ఊకున్న."

మూడు కొట్టేసరికి కొట్టం గేటు దగ్గర గిన్నెలతో, క్యాన్లతో ఎనిమిది మంది చేరారు. మూల మీద చాయ్ హోటల్ నడిపే ఖాజా భాయ్ అందరికంటే ముందున్నాడు. ఈ రోజు వాయించేది నేనని తెలిసి ఆయన మొహం వాడిపోయింది. "బాజీ, నాలుగ్గంటలకు గిరాకీ మొత్తం వస్తది. జర దిల్ సే బజావో. ఇజ్జత్ కా సవాల్ హై" అన్నాడు, మనసు పెట్టి వాయించమని, పరువు సంగతని. ఎనిమిది ఇళ్ళ చాయ్ నా చేతిలో పడింది.

యాదన్న నన్ను పీట మీద కూర్చోబెట్టి, గిటారు తలను బంగారిని కట్టేసిన కర్ర గుంజకు ఆనించాడు. స్పీకరు లేదు, వైరు లేదు. తీగె మీటితే మోత కర్రలోకి దిగుతుంది, అక్కడి నుంచి బర్రె మెడకు. వదిన బకెట్ పెట్టుకుని కూర్చుంది. నేను మొదలుపెట్టాను, నీటుగా, లెక్క ప్రకారం.

బంగారి నెమరు ఆపింది. చెవులు వెనక్కి వేసి నన్ను చూసింది. వెనక కాలు లేపి బకెట్‌ను ఒక్క తన్ను తన్నింది. అది దొర్లుకుంటూ పోయి ఖాజా భాయ్ కాళ్ళ దగ్గర ఆగింది. గేటు దగ్గర ఒకటే నవ్వు. "దానికేం చెప్పినవమ్మా?" అంది వదిన.

"మిషిన్ వచ్చిందనుకున్నది" అన్నాడు యాదన్న. తనూ నవ్వి, నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. "చెల్లె, నువ్వు దానికి టైం చెప్తున్నవ్. అది నీకు చెప్పాలె. దాని దవడ చూడు. నములుతది, నములుతది, మింగుతది. మింగినంక జరసేపు ఏం చెయ్యది. మళ్ళ గొంతులకెల్లి ముద్ద పైకొస్తది. గా సందుల నువ్వు చెయ్యి ముడుచుకొని కూసోవాలె. గంతే."

బంగారి నిదానించే దాకా వదిన దాని నడుము రుద్దింది. నేను వేళ్ళన్నీ ముడిచి, ఆయనలా బొటనవేలు ఒక్కటే పెట్టాను. ఒకే తీగె, ఒకే స్వరం. దవడ పక్కకు పోయి వచ్చినప్పుడల్లా ఒకటి. అది మింగింది. నా బొటనవేలు ఆగలేక ఆ సందులో కూడా కొట్టేసింది. "ఆగు" అన్నాడు యాదన్న. రెండోసారీ అంతే. ఆ ఖాళీలో నాకు ఊపిరాడలేదంటే నమ్మండి. ఏమీ కొట్టకుండా ఉండటం కంటే నిమిషానికి అరవై మాటలు టైపు కొట్టడం తేలిక.

మూడోసారి బంగారి మింగింది. నేను ఆగాను. గేటు దగ్గర ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. దాని మెడ కింద ముద్ద ఒకటి మెల్లగా పైకి పాకుతూ కనిపించింది. దవడ కదిలింది. అప్పుడు, ఒక రవ్వ ఆలస్యంగా, కొట్టాను. ఆ స్వరం గుంజలోకి వెళ్ళి కూర్చున్నట్టయింది. నా అరికాళ్ళకు కూడా తెలిసింది. మళ్ళీ నమలడం, మళ్ళీ మింగడం, మళ్ళీ సందు. ఇప్పుడా సందు ఖాళీగా లేదు. రాబోయేదాని కోసం నేనూ బర్రే కలిసి ఎదురు చూస్తున్నాం. ఎప్పుడు కదిలిందో గాని నా మడమ కూడా కదులుతోంది. దాని తోక వచ్చి నా చెంప మీద ఫట్‌మని తగిలింది, వేలు జారి పక్క తీగె మీద పడింది, అచ్చంగా తప్పు స్వరం. యాదన్న "ఆఁ!" అన్నాడు సంతోషంగా.

"సేపింది!" అని అరిచింది వదిన.

బకెట్ అడుగున సర్రుమని మొదటి ధార మోగింది. వెంట రెండోది. ఖాజా భాయ్ క్యాన్ మీద తాళం వేయడం మొదలుపెట్టాడు, మిగతా వాళ్ళు మూతలతో అందుకున్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, వాయించడం మాత్రం ఆపలేదు. తప్పు చేసి ఇంత సంతోషపడింది జీవితంలో ఇదే మొదటిసారి. బకెట్ నురగతో నిండింది.

గోరువెచ్చని పాలు గ్లాసుడు తాగించి పంపారు. ఫీజు మాట ఎత్తితే యాదన్న కోప్పడ్డాడు. గేటు దగ్గర నాకు భయం మళ్ళీ మొదలైంది. "అన్నా, రిసెప్షన్ల బర్రె ఉండదు గదా?" అన్నాను.

"మంది ఉంటరు గద. పెండ్లిల అందరు నములుకుంటనే ఉంటరు. సూస్కో."

ఐదూ పదికి ఉప్పుగూడలో లోకల్ రైలు, ఆరున్నరకు సికింద్రాబాద్‌లో కాజీపేట రైలు. కిక్కిరిసిన పెట్టెలో నాకు సీటు వెంటనే దొరికింది. ఎందుకో తర్వాత తెలిసింది. బట్టల నుంచి కొట్టం వాసన గుప్పుమంటోంది. ఇద్దరు కుర్రాళ్ళు మెల్లగా లేచి తలుపు దగ్గరికి వెళ్ళారు. ఎదురుగా కూర్చున్న ముసలమ్మ మాత్రం ఇష్టంగా పీల్చి, "బర్లున్నయా బిడ్డా?" అని అడిగింది. ఉన్నట్టే అన్నాను. చుట్టూ జనం పల్లీలు నములుతున్నారు, మాట్లాడుతున్నారు, ఉన్నట్టుండి ఆగుతున్నారు. పొద్దున కూడా ఇలాగే చేసి ఉంటారు, నేనే చూడలేదు. ఒళ్ళంతా తేలిపోతున్నట్టుంది. ఒక్క మధ్యాహ్నంలో నేను కొత్త పాట ఒక్కటీ నేర్చుకోలేదు, పాతవి వాయించాలని మాత్రం చేతులు పీకుతున్నాయి.

భువనగిరి దాటాక ఫోన్ మోగింది. సుధాకర్.

"మేడం, రేపటిది... ఆలోచించిన. కీబోర్డు మీదనే చేసుకుంట ఏమో."

"సుధాకర్, రేపు నేను వాయిస్తా" అన్నాను. అని ఊరుకున్నాను.

మామూలుగా అయితే ఆ వెంటనే టకటకా వంద కారణాలు చెప్పేదాన్ని. రోజూ ఎన్ని గంటలు సాధన చేస్తానో, రెండేళ్ళలో ఒక్క ప్రోగ్రాం కూడా ఎలా తప్పలేదో, అన్నీ నాలుక చివరి దాకా వచ్చాయి. మింగేశాను. అవతల సుధాకర్ ఊపిరి వినిపిస్తోంది. రైలు ఒక గేటు దాటింది, ఒక చిన్న వంతెన దాటింది. నేను మాట్లాడలేదు.

"హలో? మేడం, ఉన్నరా?"

"ఉన్నా."

మళ్ళీ ఆగాను. ఇంకో గేటు దాటింది.

"సరే మేడం" అన్నాడు సుధాకర్, నిట్టూర్చి. "మొదటి రెండు పాటలు మీరే వాయించుండ్రి. మంది లేస్తె ఇగ నేను మాట్లాడ."

ఫోన్ పెట్టేసి పెట్టె అంతా తిరిగి చూసేట్టు నవ్వాను. ఆపుకుందామన్నా ఆగలేదు. ముసలమ్మ ముందుకు వంగి నా మోకాలి మీద చేయి వేసింది.

"ఏమైంది బిడ్డా?"

"సేపింది అవ్వా" అన్నాను.

ఆమె మొహం వెలిగిపోయింది. "మంచిదాయె తల్లీ! ఎన్ని లీటర్లు?"

"రెండు పాటలు" అన్నాను.