అత్తకు కడబూర సంగతి ఎవరు చెప్పాలి

మా అత్తకు చెవుడు. పుట్టుకతో వచ్చింది కాదు. చిన్నతనంలో చెవుల్లో చీము పట్టి ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం మిగిలింది. ఆ సగం చెవితోనే నలుగురు బిడ్డల్ని పెంచింది, ఊళ్ళో అందరి గుట్టూ తెలుసుకుంది, నేను పొయ్యి దగ్గర గొణుక్కున్న మాటలు కూడా ఎట్లాగో పట్టేసేది. చర్చిలో ఆ కుడి చెవిని ఉపదేశి వైపు తిప్పి కూర్చునేది. దాంతో ముఖం గోడ వైపు పోయేది. కొత్తవాళ్ళు చూస్తే ఈమెకు ఉపదేశి మీద ఏదో అలక అనుకునేవాళ్ళు.

నేను కాపురానికి వచ్చిన రెండో ఏడాది అది. డెబ్బైల చివరి రోజులు. వాన మొహం చాటేసింది, చెనిక్కాయ చేలల్లో కాయల కంటే మట్టిగడ్డలే ఎక్కువ తేలాయి. అయినా డిసెంబరు వచ్చిందంటే మా క్రైస్తవుల ఇళ్ళల్లో గోడలకు సున్నం పడాల్సిందే, అరుగులకు జాజు పూయాల్సిందే. సున్నం కలపడానికి నీళ్ళు మైలు దూరం నుంచి మోసేవాళ్ళం. రెండు బిందెలు తెస్తే ఒకటి గోడ తాగేది, ఒకటి మేము తాగేవాళ్ళం.

మా చర్చి అంటే రాతి గోడల మీద రేకులు వేసిన ఒక పొడుగాటి గది. గంటకు బదులు ఒక రైలుపట్టా ముక్క వేలాడేది. పట్నంలో ఉండే పాస్టరయ్య పండుగలకు వచ్చి బల్ల ఇచ్చేవాడు. బల్ల అంటే ప్రభువు పేరున రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడం. మిగతా ఆదివారాలన్నీ ఊళ్ళోనే ఉండే ఉపదేశివి. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు ఆయన మమ్మల్ని సిద్ధం చేసేవాడు. ఆ ఏడాది మొదటి ఆదివారం గొంతు బాగా పెంచి మాట్లాడాడు. ఇంటికి సున్నం కొడుతున్నారు సరే, ఆ వచ్చేవాడు ఈసారి పసిబిడ్డగా కాక రాజుగా వస్తే మీ మనసుకు ఏం కొట్టారు అని అడిగాడు. చేలో ఇద్దరుంటే ఒకరే ప్రభువుతో పైకి పోతారన్నాడు. విసుర్రాయి తిప్పే ఇద్దరు ఆడవాళ్ళలో ఒకామె పోతుంది, ఒకామె మిగులుతుందన్నాడు. లోకాంతాన దేవదూత ఊదే కడబూర మోగుతుంది, రెప్పపాటులో అంతా అయిపోతుందన్నాడు. గట్టిగా చెప్పాడు కాబట్టి అత్తకు ఒక్క మాట కూడా పొల్లుపోలేదు. ఆ గట్టితనమే మా కొంప ముంచింది.

మర్నాడు పొద్దున్నే అత్తా నేనూ ఎదురెదురుగా కూర్చుని రాగులు విసురుతున్నాం. నడిమధ్యలో అత్త చెయ్యి ఆపి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వా, నేనా?" అంది.

నాకు అర్థం కాలేదు. ఇద్దరిలో ఒకరే అంట గదా అని గుర్తు చేసింది. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఇంకా ఒక బిడ్డ కూడా పుట్టలేదు, అప్పుడే ఎక్కడికి పోతాను. నువ్వే పోతావత్తా, పెద్దదానివి అని కుడి చెవిలో అరిచాను. ఆ పూటంతా నా మీద ప్రేమగా ఉంది. సాయంత్రానికి మళ్ళీ అనుమానం వచ్చింది. మర్నాటి నుంచి నాతో విసరడం మానేసి, పక్కింట్లో పరుపులు కుట్టే సాయిబుల ఇంటామెను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఆమెతో విసిరితే ఇక పోటీ ఉండదని అత్త ఎత్తు.

అంతటితో ఆగుంటే బాగుండేది. బుధవారానికి అత్తకు అసలు బెంగ పట్టుకుంది. బూర మోగినప్పుడు తనకు వినపడకపోతే? అందరూ లేచి పోయాక, తానొక్కతే పొయ్యి ముందు కూర్చుని సంగటి కెలుకుతూ ఉండిపోతే? ఇది తమాషాకు చెప్పడం లేదు. ఆమెకు ముద్ద గొంతు దిగడం మానేసింది.

పరీక్షలు మొదలయ్యాయి. అత్త లోపల కూర్చుంటే నేను వాకిట్లో నిలబడి ఇత్తడి తట్ట మీద గరిటెతో బాదాలి. బాదాను. నాలుగిళ్ళ అవతలి నుంచి కూడా జనం వచ్చారు, అత్త మాత్రం లోపలి నుంచి ఇంకా మొదలుపెట్టలేదా అని అడిగింది. చర్చి దగ్గర రైలుపట్టా ముక్కను మా ఆయన చేత కొట్టించుకుంది. కింద నిలబడితే వినపడలేదు. పట్టాను రెండు చేతులా పట్టుకుంటే వినపడింది. దేవదూత బూరను పట్టుకోనిస్తాడా మరి.

నన్ను వెంటపెట్టుకుని ఉపదేశి ఇంటికి పోయింది. ఆ బూర ఎంత గట్టిగా ఊదుతారయ్యా అని అడిగింది. సమాధుల్లో ఉన్నవాళ్ళకే వినపడుతుంది, నీకు భయమెందుకమ్మా అన్నాడాయన.

"చచ్చినోళ్ళకేమయ్యా, వాళ్ళ చెవుడు మట్టిలోనే పోయింటాది. నేను బతికుండే చెవిటోళ్ళ సంగతి అడుగుతాండా."

ఉపదేశి గడ్డం గోక్కున్నాడు. రెండేళ్ళు వేదపాఠశాలలో చదివినాయన, ఈ ప్రశ్న అక్కడ ఎవరూ అడిగినట్టు లేదు. దేవుడు చూసుకుంటాడమ్మా అని ప్రార్థన చేసి పంపాడు. వీధిలోకి రాగానే అత్త నాతో, ఆయనకూ తెలీదు అంది. అన్నది మామూలు గొంతుతోనే అనుకుంది గాని, చెవిటివాళ్ళ గుసగుస ఎట్లా ఉంటుందో మీకు తెలిసిందే. ఉపదేశి తలుపు మెల్లగా వేసుకున్నాడు.

ఇంటికొచ్చాక మా ఆయన, నేను చెప్తాలేమ్మా, బూర మోగంగానే పరిగెత్తుకొచ్చి నిన్ను గిల్లుతా అన్నాడు. అత్త కొడుకును జాలిగా చూసింది. రెప్పపాటులో నువ్వే పోయింటావు, ఇంక గిల్లేదెవరు అంది. నేను చెప్తానన్నా అదే మాట. అక్కడే ఆమెకు ఉపాయం తళుక్కుమంది. పోయేవాళ్ళు ఎవరూ తనకు చెప్పలేరు. చెప్పాలంటే మిగిలిపోయే మనిషి కావాలి.

మొదట పక్కింటామె దగ్గరికి పోయింది. చెల్లెలా, మేమంతా పోయేటప్పుడు నాకొక మాట చెప్పల్ల అని అడిగింది. ఆమె సూదీ దారం కింద పెట్టి తీరిగ్గా విన్నది.

"మాకూ ఉండాది అక్కా ఆ బూర. మాకూ ఊదుతారు. నేనేమన్నా ఈడ్నే కూర్చుని మీ బర్రెకు గడ్డి ఏస్తా ఉండిపోతాననుకుంటివా?" అంది.

కోపంగా కాదు గాని, కొంచెం ఎడంగానే అంది. ఆ సాయంత్రం నుంచి రాగులు తన ఇంట్లో తానే విసురుకుంది. అత్త ఎత్తు రెండు వైపులా చెడింది.

ఇక మిగిలింది మామ. మామకు గొర్రెలు. ఆదివారం గొర్రెలకు ఆకలి ఉండదా అని అడిగి, చర్చికి రావడం ఎప్పుడో మానేశాడు. ఏడాదికి ఒక్కసారి క్రిస్మస్ నాడు చివరి పాటకు వచ్చి, ఆనక వాకిట్లో పెట్టే విందులో మాంసం కూర దగ్గర అందరికంటే ముందు ఉండేవాడు. బల్ల పుచ్చుకుని పదేళ్ళు దాటింది. పెళ్ళయినప్పటి నుంచీ అత్త ఆయన మారుమనసు కోసం ప్రతి ప్రార్థనలోనూ పేరు చెప్పి మొరపెట్టుకుంటూనే ఉంది. అందుకని ఇంతకంటే నమ్మకమైన మనిషి దొరకడని ఆమెకు తోచింది. ఒక మధ్యాహ్నం మామ సంగటి తిని చెయ్యి కడుక్కుంటుంటే పోయి ఎదురుగా కూర్చుంది.

"ఏమప్పా, బూర మోగినపుడు నాకొంచెం చెప్పల్ల. నువ్వు ఈడ్నే ఉంటావు గదా."

"నేనెందుకు ఈడ్నే ఉంటా?"

"నువ్వు పోవు గదప్పా. ముప్పై ఏండ్లుగా చూస్తాండా గదా."

మామ కడుగుతున్న చెయ్యి పంచెకు తుడుచుకుని లేచాడు. సరే చెప్తాలే అన్నాడు. అత్త ఆ రోజు కడుపు నిండా తిన్నది. మామ మాత్రం రాత్రికి ఆకలి లేదని పడుకున్నాడు. రెండు రోజులు గొర్రెలతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు మా ఆయనతో, మీరందరూ పోతే నేనొక్కన్నే ఈ గొర్రెల మొగాలు చూస్తా కూర్చోవల్లంట, మీయమ్మ తేల్చేసింది అన్నాడట. నవ్వుతూ చెప్తాడేమో అనుకున్నాను, మొహం చూస్తే నవ్వు లేదు.

మూడో ఆదివారం చర్చిలో రెండో పాట పాడుతున్నాం. గుమ్మంలో మామ. తల దువ్వి, ఉతికిన పంచె కట్టి, చేతిలో మాత్రం అలవాటుగా గొర్రెలు తోలే కట్టె. పాట అక్కడే ఆగిపోయింది. అత్త ఒక్కతే పాడుతూ ఉండిపోయింది. గొర్రెలనూ మేకలనూ తెచ్చి చర్చి ప్రహరీలో వదిలాడు. ఉపదేశి వాక్యం చెప్తున్నంతసేపూ అవి బయట నుంచి వంత పాడాయి. ఒక మేక లోపలికే వచ్చి, ఆడపిల్లలు వారం రోజులు కూర్చుని కత్తిరించిన పచ్చ కాగితాల తోరణాన్ని ఒక కొస నుంచి తినుకుంటూ పోయింది. ఉపదేశి దాన్ని కూడా కసరలేదు. తప్పిపోయిన గొర్రె దొరికిందని కళ్ళు తుడుచుకుంటున్నాడు. క్రిస్మస్‌కు బల్ల పుచ్చుకునేవాళ్ళ పేర్లలో మామ పేరు ఆ పూటే రాసుకున్నాడు.

అత్త మొహం మాడిపోయింది. ఇంటికి రాగానే అందుకుంది. ఇన్నేండ్లు లేంది ఇప్పుడెందుకొచ్చినావు, పండగ పోయినాక మారకూడదా, గొర్రెల్ని ఎవరు చూస్తారు అని ఒకటే పోరు. మామ గొర్రెల్ని దొడ్లోకి తోలుకుని పోయాడు. సాయంత్రం ఉపదేశి సంతోషంగా ఇంటికి వస్తే ఆయన మీద పడింది. ఇన్నేళ్ళు ఈమె ఏడ్చి ప్రార్థన చేసింది దేనికోసమో అదే జరిగితే, ఇప్పుడు అడ్డం పడుతుందేమిటని పాపం ఆయన అయోమయంలో పడ్డాడు. ఒక ఆత్మకు అడ్డం నిలబడడం మంచిది కాదమ్మా, అదీ పండుగకు సిద్ధపడే ఈ రోజుల్లో అని మెత్తగానే మందలించాడు.

"అయ్యా, ఊరంతా మీరే తీసుకోండి. ఒక్క మనిషిని నాకు ఇడిచిపెట్టండి, చాలు" అని అత్త చేతులు జోడించింది.

ఉపదేశికి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మామ మాత్రం పక్కనే కూర్చుని, చింకిపోయిన గొంగళి అంచు కుట్టుకుంటూ, అంతా విన్నాడు. అప్పుడు గాని ఆయనకు తెలియలేదు, ఈమె గోల తనను వదిలించుకోవడానికి కాదని.

క్రిస్మస్ పొద్దు వచ్చింది. వెదురు కర్రకు కట్టిన కాగితపు నక్షత్రం, సున్నం వాసన, కొత్త చీరల గంజి వాసన, వాకిట్లో అప్పటికే ఉడుకుతున్న మాంసం. పాస్టరయ్య పట్నం నుంచి మొదటి బస్సుకే వచ్చాడు. మా దగ్గర మగవాళ్ళు కుడివైపు చాపల మీద, ఆడవాళ్ళు ఎడమవైపు. బల్లకు ముందు మగవాళ్ళు వరుసగా పోయి మోకరిస్తారు, వాళ్ళందరూ వచ్చాక ఆడవాళ్ళు. ఎప్పటి నుంచో అదే పద్ధతి, దాటినవాళ్ళు లేరు. మామ వంతు వచ్చింది. లేవలేదు. పక్కవాళ్ళు పొడిచినా లేవలేదు. మగవాళ్ళంతా అయిపోయారు. ఉపదేశి ముఖంలో రక్తం లేదు, దొరికిన గొర్రె మళ్ళీ తప్పిపోయిందని.

ఆడవాళ్ళం లేచాం. అత్త చెయ్యి పట్టుకుని నేను నడిపిస్తున్నాను. అప్పుడు మామ లేచి, నడిమధ్య దారి దాటి మా వైపు వచ్చి, నా చేతిలోంచి అత్త చెయ్యి తీసుకుని ముందుకు నడిచాడు. చర్చి మొత్తం నోరు తెరిచింది. ఉపదేశి ఉరికి వచ్చి, ఇది ఆడవాళ్ళ వరుసప్పా అని చెవిలో చెప్పాడు. మామ పాస్టరయ్యకు చెప్పాడు, నేరుగా.

"అయ్యా, ఈమెకు బూర వినపడదు. వినపడంగానే నేను పోతా గదా, పట్టుకున్న చెయ్యి నాతోనే వస్తాది. ఇంక ఎవరూ చెప్పే పని ల్యాదు. ఈరోజు నుంచే పట్టుకుంటా."

అత్త అటూ ఇటూ చూసి, ఏమంటాడే అని నన్ను అడిగింది. ఏం చెయ్యను. అందరి ముందూ ఆమె కుడి చెవిలో నోరు పెట్టి ఆ మాటలన్నీ అరిచాను. పిల్లలు కూడా ఏడుపు ఆపి విన్నారు. అత్త ఆలోచించింది. సంతోషంతో కన్నీళ్ళు పెట్టుకుంటుందేమో అనుకున్నాం.

"పగలొస్తే సరే. పండుకున్నపుడు వస్తే? గొంగళి కప్పుకుంటే నీకు ఉరుమైనా వినపడదు" అంది.

ముందు నవ్వింది పాస్టరయ్యే. తర్వాత ఎవరూ ఆపుకోలేదు. ఆయన ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ, రెండో చేత్తో చాప చూపించి, పక్కపక్కనే మోకరించండమ్మా అన్నాడు. మామ ఆమె చెయ్యి వదలకుండానే ఒంటిచేత్తో రొట్టె తీసుకున్నాడు.

పడుకున్నప్పటి సంగతి కూడా వాళ్ళిద్దరే తేల్చుకున్నారు. అత్త తన కొంగును మామ పంచె కొసకు ముడివేసి పడుకునేది. మామ కోడి కూయకముందే గొర్రెలకని లేచేవాడు. ముడి లాగగానే అత్త దిగ్గున లేచి కూర్చుని, వచ్చినాడా అని ఊరంతా వినపడేట్టు అడిగేది. నేనే, గొర్రెలకు పోతాండా, పండుకో అని మామ ఆమె చెవిలో అరిచేవాడు. ఏళ్ళ తరబడి మా ఇంట్లో పొద్దు అట్లాగే తెల్లవారింది. ముడి విప్పి ఆయన పోయాక అత్త కాసేపు పైకప్పు వైపు చూసి, ఈ రోజు కాదంటలే అని నాకు చెప్పి, మళ్ళీ ముసుగు పెట్టేది.