షఫీ పారేసిన స్లైడు

ల్యాబు షఫీ చేతిలో పడితే సొంత బావమరిదికైనా రిపోర్టులో షుగరు తగ్గదని తిరువూరులో వేళాకోళం. అంత నిక్కచ్చి మనిషి.

రెండువేల రెండులో ఉమామహేశ్వరి అనే పళ్ళ డాక్టరమ్మ బెజవాడ నుంచి వచ్చి అతనికో పని అప్పజెప్పింది. చుట్టలు తాగేవాళ్ళ, పొగాకు నమిలేవాళ్ళ బుగ్గల లోపల పుల్లతో గీకి, ఆ పూతను స్లైడుకు రాసి, రంగు వేసి, మైక్రోస్కోపులో కణాల కేంద్రకాలు కొలవాలి. కేంద్రకం ఉబ్బితే, పుండు పడకముందే క్యాన్సరును అనుమానించవచ్చు. పోల్చి చూడటానికి పొగాకు ముట్టనివాళ్ళ పూతలూ కావాలంది.

షఫీకి వెంటనే తల్లి కరీంబీ గుర్తొచ్చింది. తండ్రి కమాలుద్దీన్ చుట్టలు కాల్చి కాల్చి దవడ కుళ్ళి చనిపోయినప్పుడు, తన తల మీద కొడుకు చెయ్యి పెట్టించి, పొగాకు ముట్టనని ఒట్టు వేయించుకున్న మనిషి ఆమె.

"నా ముసలినోరు ఎందుకురా, ఇంకెవర్నన్నా చూసుకో" అని నసిగింది కరీంబీ.

"నీకన్నా మంచినోరు ఎక్కడ దొరుకుద్దమ్మా?" అని నవ్వుతూనే పుల్ల పెట్టాడు షఫీ.

మైక్రోస్కోపులో చూస్తే కేంద్రకాలు ఉబ్బి ఉన్నాయి. మళ్ళీ కొలిచాడు, అంతే. స్పిరిట్లో వేయడం ఆలస్యమై పూత ఆరిపోతే ఇలాగే పెద్దవిగా కనబడతాయని డాక్టరమ్మ చెప్పింది కదా, అదే అయ్యుంటుందనుకున్నాడు. ఇంకొకరిదైతే మనిషిని మళ్ళీ పిలిపించేవాడే. తల్లిది కాబట్టి స్లైడు చెత్తబుట్టలో పారేసి, పక్కింటి శివపార్వతి పూత తీసుకున్నాడు. మన దీపమని ముద్దు పెట్టుకుంటే మూతి కాలదా!

"ఏమన్నా కనపడిందా?" అని ఆ సాయంత్రం అడిగింది కరీంబీ.

"నీకేంటమ్మా, నిక్షేపంలా ఉన్నావు."

ఆ మాటే ఆమె కొంప ముంచింది. మొగుడు పోయిన ఏడాది పంటిపోటుకని బుగ్గన పెట్టుకున్న పొగాకు ముక్క ఆమెను వదల్లేదు. కొడుకు చేత ఒట్టు వేయించిన నోటితో ఆ సంగతి ఎలా చెబుతుంది, పాపం? బుగ్గలో తెల్లమచ్చ లేచినా, చారు తగిలి మంట పుట్టినా, 'మావాడు చూశాడుగా' అని సర్దిచెప్పుకుంది. చివరికి నోరు తెరుచుకోక గంజే గతయ్యాకగానీ షఫీకి తెలియలేదు.

బెజవాడ తీసుకెళితే, "ముందే తెలిసుంటే బతికించుకునేవాళ్ళమండి" అంది ఉమామహేశ్వరి. షఫీ వరండాలో కూలబడి ఏడ్చాడు. స్లైడు సంగతి తల్లికి చెప్పేసి, కాళ్ళు పట్టుకుందామని లోపలికి వెళ్ళాడు.

అతను నోరు విప్పకముందే కరీంబీ చెయ్యి పట్టుకుంది. మాట ముద్దగా వచ్చింది.

"ఏడవమాకరా. దాచింది నేను. నువ్వు చూసినప్పుడు ఏం లేదుగా."

"లేదమ్మా, అప్పుడేం లేదు" అన్నాడు షఫీ.