గుడివాడ మైకు, వెనక్కి తిరగని శబ్దం

నేను చెప్పింది చెప్పినట్టు రాయవే. నీ గురించే కదా అని మొహమాటపడి మార్చావంటే ఊరుకోను.

గుడివాడలో మన సంఘంవాళ్ళు నీకు సన్మానమన్నారు, పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఇన్నేళ్ళూ ఏం చదివావో మనవాళ్ళకి ఒక్కసారైనా అర్థమయ్యేలా చెప్పాలని నీ పట్టుదల. అందుకని ముందు నాలుగు రోజులూ బందరులో మన వంటింటి గడప మీద కూర్చుని నా మీద ప్రాక్టీసు చేశావు.

"చెవికి వినపడనంత సన్నటి శబ్దం అమ్మమ్మా" అన్నావు.

"వినపడనిదానికి అంత చదువేమిటే?"

"ఫోన్లలో పనికొస్తుంది. చిన్న పలక మీద వెంట్రుక కంటే సన్నటి చిల్లులు పెడతాం. ఈ పక్క ఒక రకం వరసలు, ఆ పక్క ఇంకో రకం. రెండూ కలిసే చోట మాత్రమే శబ్దం పరిగెడుతుంది. మలుపొచ్చినా కొట్టుకుని వెనక్కి తిరగదు. ఆ చోటునే తెలుగులో ఏమనాలో తెలియట్లేదు."

నిఘంటువులోంచి నోరు తిరగని మాటొకటి ఏరి పెట్టుకున్నావు. నాకు నవ్వొచ్చింది.

"ఈ చేలో ఒక నాటు, ఆ చేలో ఇంకో నాటు. మధ్యలో మనం నడిచేదాన్ని ఏమంటారే? గట్టు!"

దివిసీమలో పుట్టినదాన్ని, గట్టు గురించి నాకు ఒకరు చెప్పాలా? నువ్వు ఆ మాట కొట్టేసి, గట్టు అని పెద్ద అక్షరాలతో రాసుకున్నావు.

తీరా కల్యాణమండపంలో సంఘం ప్రెసిడెంటు తన రైసుమిల్లు గురించి, తన మోకాలి ఆపరేషను గురించి చెప్పి చెప్పి, చివరికి నిన్ను గుర్తు తెచ్చుకున్నాడు. "మన అమ్మాయి సౌండులో డాక్టరండీ!"

నువ్వు మైకు పట్టుకున్నావో లేదో, కుయ్యిమని ఒకటే కూత. అందరూ చెవులు మూసుకున్నారు. మైకుసెట్టు అతను ఎక్కడో టిఫిను తింటున్నాడు.

"సౌండు డాక్టరుగారు పక్కనే ఉండగా మనకి భయమేంటండీ! చూడమ్మా, కొంచెం దాని సంగతి" అన్నాడు ప్రెసిడెంటు.

పట్టుచీర కుచ్చెళ్ళు పట్టుకుని దిగి, స్టేజీ వైపు తిరిగున్న స్పీకరు బాక్సును జనం వైపు తిప్పావు. కూత ఆగింది. ఆ చప్పట్లు! నీ డాక్టరేటుకి అందులో సగం కొట్టలేదు.

నువ్వు మాత్రం తెలివిగా అక్కడే అందుకున్నావు. "ఇందాక కూసింది వెనక్కి తిరిగొచ్చిన శబ్దమండీ. బాక్సులోంచి వెళ్ళింది మళ్ళీ మైకులోకి వచ్చింది. నేను పనిచేసేది వెనక్కి తిరగని శబ్దం మీద. రెండు చేల మధ్య గట్టు ఉంటుంది చూడండి..."

జనం తలెత్తారు. ముందు వరసలో రైతొకాయన నోట్లో వక్కపలుకు నమలడం కూడా ఆపాడు. నాకు ఒళ్ళు పులకరించింది. సరిగ్గా అప్పుడే ప్రెసిడెంటు మైకు లాక్కున్నాడు.

"అంటే మైకులు కూయకుండా చేస్తుందన్నమాట! అద్భుతం! భోజనాలు సిద్ధమండీ!"

శాలువా కప్పారు. నీ కాగితం ఆ మడతల్లోకి పోయింది. విస్తట్లో పూర్ణాలున్నా పెరుగన్నం మాత్రం తిని లేచావు. నేను చూడలేదనుకున్నావు.

మర్నాడు కోడూరు నుంచి ఫోను, ఆ సన్మానానికి వచ్చినాయనే.

"పిన్నిగారూ, ఆదివారం మా ఇంట్లో ఫంక్షనండీ. మా మైకు కూడా ఒకటే కూత. అమ్మాయిగారిని పంపుతారా? కారు పంపిస్తాం."

నా ఒళ్ళు మండింది. "మా అమ్మాయి శబ్దం మీ చెవులకి వినపడేది కాదండీ!"

ఆయన నాకే ధైర్యం చెప్పాడు.

"అలాగా అండీ. అయితే ఇంకో రెండు బాక్సులు పెట్టిస్తాం."